అచ్చుతప్పుల చీటీ

నాలుగువందల పదహారు పేజీలు.
పేజీకి పదిహేను రూపాయలు, నాకు.
యతిరాజు గారికి పంతొమ్మిదేళ్లు.

కాచిగూడ పార్సిల్ ఆఫీసులో గుమాస్తాగిరీ చేస్తూనే
రాజొద్దు, దొరొద్దు అన్నవాళ్లని
ఏ దేశంలో ఉన్నా వెతికి దించుకుని
చెల్లని రసీదుల వెనకవైపు తెలుగు చేశారాయన.

రామ్‌కోఠి సందులో మెట్ల కింద ప్రెస్సు.
ఫ్యాను వేస్తే ప్రూఫులు లేస్తాయి,
ఆపితే నేను నానుతాను.
పెత్తనం వద్దన్న పుస్తకం మీద
ఎర్ర పెన్నుతో కూర్చుని
ఒత్తులకీ దీర్ఘాలకీ నేనే పోలీసుని.

మొదటి పేచీ పేరు దగ్గరే.
అరాజకం, అన్నారు.
“వద్దు సార్. బస్సు అద్దం పగిలినా అరాజకమే,
నాలా పొంగి మలక్‌పేట మునిగినా అరాజకమే,
రోజూ పేపర్లో చూస్తున్నాం.”
ఆయన కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు.
“రాజు లేకపోవడం అనే కదమ్మా ఆ మాటకి అర్థం.
దాని మీదెవరో కేసు పెట్టి లోపలేశారు.
జామీనుకి మనమే వెళ్లాలి.”
పేరు అలాగే ఉండిపోయింది.

చదువుతూ పోయాను.
కొండ ఊళ్లో గడియారాలు బిగించేవాళ్లు
మా పొద్దు మేమే లెక్కపెట్టుకుంటామన్నారు.
ముఠాలుగా చీలి తిట్టుకోవడం ఒక అధ్యాయమంతా;
అక్కడ అచ్చుతప్పులు తక్కువ, ఎందుకో.
తొమ్మిదో అధ్యాయంలో యజమానులు పారిపోయిన ఊరు:
ట్రాములు పనివాళ్లే నడిపారు,
టిక్కెట్టు ధర తగ్గించారు.
తప్పేమీ లేదక్కడ. అయినా గీత గీశాను.
నా పర్సులో పొద్దుటి జీరో టిక్కెట్టుంది.
దాని మీద ప్రభుత్వం పేరుంది, కండక్టరు పేరు లేదు.

అసలుది నాలుగో పేజీలో దొరికింది,
పాత గ్రూప్-టూ గైడు నుంచి జారి వచ్చిన లైను:
సర్వహక్కులూ ప్రచురణకర్తవి.
“అది రూలు మేడం, ఉండాలె” అన్నాడు ఓనరు దయాకర్.
“ఉండనీ. పక్కన ప్రశ్నార్థకం పెట్టండి” అన్నారు యతిరాజు గారు.
పెట్టాను. అలాగే అచ్చయింది.

బైండింగు రాత్రి వాన.
రేకు కారింది. హడావుడిగా లాగితే
ఫారాల వరస చెదిరింది.
నూరేళ్ల కిందటివాళ్లు నిన్నటివాళ్ల మీద పడ్డారు.
దయాకర్ బోయిన్‌పల్లి పెళ్లిలో, ఫోనెత్తడు.
“ఎవరు చెప్పాలె ఇప్పుడు?” అంది సైదమ్మ.
ఖుర్షీద్ బీ అప్పటికే నేల మీద గోనె పరుస్తోంది.

ఆమెకి తెలుగు చదవడం రాదు.
మడత వీపు మీద నల్లమచ్చలు
మెట్లు మెట్లుగా దిగితే పుస్తకం సరి,
మెట్టు తప్పితే చరిత్ర తప్పు.
ఇరవయ్యారు కుప్పల చుట్టూ
ఫోన్లు నోట కరుచుకుని తిరిగాం.
జ్వరంతో వణుకుతున్న సైదమ్మని
పొడిచోట కూర్చోబెట్టి సూది ఇచ్చాం.
చాయ్ ఎవరు తెచ్చారో గుర్తులేదు.
తెల్లారేసరికి మూడొందల కాపీలు నిలబడ్డాయి.

యతిరాజు గారు గుమ్మంలోంచి చూశారు.
ఏదో అనబోయి, ఊరుకున్నారు.

పదింటికి దయాకర్ వచ్చి
తడిసిన కాగితానికని
సైదమ్మ కూలీలో నూట యాభై కోశాడు.
ఖుర్షీద్ బీ జిగురు డబ్బాకి మూత పెట్టి కూర్చుంది.
మిగతావాళ్లూ కూర్చున్నారు.
నేను కాసేపు నిలబడే ఉన్నాను,
నాది పేజీ లెక్క కదా.
తర్వాత కూర్చున్నాను.
మధ్యాహ్నానికి నూట యాభై తిరిగొచ్చింది.
నా ఆఖరి బిల్లు ఇంకా రాలేదు.

అచ్చుతప్పుల చీటీ రాయడం నా పని.
పుట 211: ‘ఏలిక’ కాదు, ‘ఏలకి’.
పుట 4: ‘ప్రచురణకర్త’ అన్నచోట
ఖుర్షీద్ బీ, సైదమ్మ, కటింగు యాదయ్య,
చాయ్ తెచ్చినవాళ్లెవరో వాళ్లు
అని చదువుకోవాలి.

మొన్న ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద
బ్యాంకు పరీక్షల గైడ్ల కింద కనబడింది,
నలభై రూపాయలు.
తెరిచాను. ప్రశ్నార్థకం ఉంది.
చీటీ లేదు.
జారిపోయిందో,
ఎవరైనా తీసి జేబులో పెట్టుకున్నారో.